పేదవాని వంశావళి: బంగారు గనుల కూలిచిట్టాలు

మన యిండ్లలో వివాహము జరుగునప్పుడు పురోహితుడు వధూవరుల ముత్తాతల, తాతల, తండ్రుల పేర్లను గోత్రములతోగూడ ముమ్మారు చెప్పును. ఆ పేర్లు తెలియని గృహస్థు సిగ్గుపడి, పెద్దల నడిగి, కాగితముపై వ్రాసికొని తెచ్చుకొనును. జమీందారుల వంశములను భట్రాజులు పొగడిరి. కవులు కావ్యావతారికలలో కృతిపతుల తాతముత్తాతలను వర్ణించిరి. రాజుల వంశక్రమమును శాసనములు రాతిపై నిలిపినవి. మెకంజీదొరకై కావలి సోదరులును వారి సహాయులును ఊరూర సేకరించిన కైఫీయతులలో సైతము పాలకుల, మాన్యముల, దేవాలయముల సంగతులే విస్తారముగా గానవచ్చును. కాని ఆ దేవాలయమునకు రాళ్లు మోసిన వాని పేరేమి? ఊరి చెరువును త్రవ్విన వాని తాత యెవడు? ఈ ప్రశ్నకు బదులు చెప్పు పొత్తము మన దేశమున మిక్కిలి యరుదు.

పేదవాని పేరు వ్రాయుటకు కవికి గాని, పురోహితునికి గాని ప్రయోజనము లేకపోయెను. దానిని వ్రాయవలసిన యవసరము ఒక్కనికి మాత్రమే కలిగెను. వాడు వానిచేత పని చేయించుకొన్న యజమానుడు. కూలి యెంత యిచ్చినది, బాకీ యెంత యున్నది, వాడు పారిపోయినచో నెక్కడ వెదకవలెను అను విషయములు తెలిసికొనుటకై యజమానుడు వాని పేరును, తండ్రి పేరును, ఊరిని చిట్టాలో నెక్కించెను. ప్రేమచేత గాక లెక్కచేత వ్రాయబడిన ఆ చిట్టాయే నేడు లక్షలాది కుటుంబములకు మిగిలిన వంశావళి. ఈ వింతకు దక్షిణాఫ్రికా బంగారు గనులకంటె గొప్ప నిదర్శనము మాకు గోచరింపలేదు. అందుచేత ముందుగా ఆ గనుల చరిత్రను చెప్పి, పిమ్మట దానితో మన తెలుగువారికి గల సంబంధమును విచారింతుము.

1886వ సంవత్సరమున ట్రాన్స్‌వాలులోని విట్‌వాటర్సురాండు అను మెట్టపై బంగారు రాతిపొర కనుగొనబడెను. పశువులు మేయుచుండిన ఆ మెట్టమీద కొలది కాలములోనే జొహానెస్‌బర్గు మహానగరము లేచినది. అచ్చటి బంగారము అపారమే గాని రాతిలో మిక్కిలి పలుచగా వ్యాపించియున్నది. బండ్లకొలది రాతిని పిండిచేసిననే తప్ప పిడికెడు బంగారము చేతికి రాదు. పైగా రాతిపొర నానాటికి లోతునకు దిగిపోవును. బంగారపు ధర గనివారి చేతిలో నుండునది కాదు. ధరను పెంచుటకు వలను లేనప్పుడు లాభము నిలుపుకొనుటకు వారికి దోచిన మార్గము కూలిని తగ్గించుట. ఒకరిమీద నొకరు పోటీపడి కూలీలను పిలిచినచో కూలి పెరుగును గావున గనుల యజమానులందరు కూడి కూలీలను చేర్చు పనిని ఒక్కచేతికి నప్పగించిరి. 1900లో విట్‌వాటర్సురాండు నేటివ్ లేబరు అసోసియేషను ఏర్పడెను. కూలీలు దీనిని వెనేలా యని పిలిచిరి. దేశములోపలను, దాపుననున్న బ్రిటిషు రక్షిత రాజ్యములందును మనుష్యులను చేర్చుటకై 1912లో నేటివ్ రిక్రూటింగు కార్పొరేషను వెలసెను. 1977లో ఈ రెండును కలిసి టెబా యను నొక్క సంస్థగా మారినవి. ఆ పేరునకు ముందే కూలీలు చేరికకచేరిని క్వా టెబా యని పిలుచుచుండిరి. ఆ సంస్థలో నధికారిగానుండిన టేబరరు అనునతని పేరే వారి నోట టెబాగా మారినదని చెప్పుదురు.

ఈ సంస్థలు చాచిన చేతులు చాల దూరము పోయినవి. మొజాంబికు, బసుటోలాండు (నేటి లెసోతో), బెచువానాలాండు (నేటి బోట్స్వానా), స్వాజీలాండు (నేటి ఎస్వాతిని), న్యాసాలాండు (నేటి మలావి), దక్షిణాఫ్రికాలోనే పోండోలాండు, ట్రాన్స్‌కై మొదలగు సీమలనుండి యువకులు గనులకు బయలుదేరిరి. ఏల బయలుదేరిరి? ప్రభుత్వము గుడిసెపన్నును, తలపన్నును రొక్కముగా చెల్లింపుమనెను. 1913నాటి భూమిచట్టము నల్లవారు భూమిని కొనగల స్థలమును దేశములో నొక స్వల్పభాగమునకు కుదించెను. పశువుల తెగుళ్లు మందలను నాశనము చేసెను. పెండ్లికి కన్యాశుల్కముగా పశువుల నీయవలసిన యువకునకు గనికి పోవుట తప్ప వేరు దారి దొరకలేదు.

చేరికకచేరిలో నతని యెదుట నొక గుమాస్తా కూర్చుండును. అతడు వచ్చినవాని పేరు, తండ్రి పేరు, జిల్లా, వాని ప్రభువైన నాయకుని పేరు, ఊరిపెద్ద పేరు, పన్ను చీటీ సంఖ్య, పోవలసిన గని, ఒడంబడిక కాలము వరుసగా వ్రాసికొనును. లెసోతో మొదలగు చోట్లనుండి వచ్చినవారి యొడంబడిక సామాన్యముగా తొమ్మిది నెలలు. దానిని నెలలతోగాక పాళ్లతో లెక్కించుచుండిరి. నియమితమైనంత లోతు రాతిలో రంధ్రము దొలచనివానికి ఆ దినపు పాలి లెక్కకు రాకపోవుటయు కలదు. మొజాంబికువారి కాలము మరింత దీర్ఘము. కూలిలో నొకభాగమును ఆపి, స్వదేశమునకు తిరిగి వచ్చిన పిమ్మట చెల్లించు పద్ధతి 1928నాటి ఒప్పందముచే వారికి విధింపబడెను. అందుచేత ఆ మనుష్యుడు తిరిగి వచ్చినది లేనిది సైతము లెక్కలో నిలిచెను. గనియొద్ద ఆవరణములోపల బారకాసులలో మగవారు మాత్రము గుంపులుగా నివసించిరి. భార్యాబిడ్డలు ఊరనే యుండిరి. ఇంత శ్రమకు లభించిన ఫలమేమన, ధరల పెరుగుదలను తీసివేసి చూచినచో 1969లో నల్లకూలికి దొరకిన వేతనము 1911లో దొరకిన దానికంటె నెక్కువ కాదని ఆర్థికశాస్త్రజ్ఞులు లెక్క తేల్చియున్నారు.

పేరు మార్చుకొని మరియొక గనికి పోవు కూలీని పట్టుకొనుట యెట్లు? ఇందుకు సాధనము మన దేశమునుండియే పోయినది. వంగదేశపు పోలీసు నధికారియగు ఎడ్వర్డు హెన్రీ వ్రేలిముద్రలను వర్గీకరించు పద్ధతిని స్థిరపరచి, 1900లో జొహానెస్‌బర్గు పోలీసును తీర్చుటకై అచ్చటికి పంపబడెను. 1904 మొదలు గనులకు దెచ్చిన అరువదివేలకు పైబడిన చీనాకూలీలు ముద్రలు వేయవలసివచ్చెను. పిమ్మట ట్రాన్స్‌వాలులోని భారతీయులను సైతము ముద్రలు వేసి నమోదు చేసికొనుమని 1907నాటి చట్టము నిర్బంధించెను. గాంధిమహాత్ముని సత్యాగ్రహము పుట్టినది ఈ నమోదుపైననే. 1908 ఆగస్టు 16న జొహానెస్‌బర్గులోని హమీదియా మసీదు ముంగిట భారతీయులు తమ చీటీలను కాల్చివేసిరి. నాడు కాల్చదగినదిగా తోచిన యట్టి చీటీయే నేడు మనుమనికి నిధివలె తోచుచున్నది. ఈ రెండును సత్యములే. నమోదు మనుష్యుని బంధించుట సత్యము. ఆ మనుష్యుడు బ్రతికి యుండెననుటకు అదియే సాక్ష్యమగుటయు సత్యము. వంశచరిత్రను వెదకువారు ఈ రెండింటిలో నొకదానిని మరచిన యెడల పొరబడుదురు.

ఇట్టి పత్రములనుండి కుటుంబచరిత్రను తెలిసికొను విధమెట్టిదో చూతము. లెసోతో కొండలలోని యొక యింట తాతనుగూర్చి "రాండునకు పోయెను, దగ్గుచు తిరిగి వచ్చెను" అను మాట మాత్రమే మిగిలినదనుకొందము. ఆ తాత చీటీ దొరకినచో మొదట తండ్రి పేరు తెలియును. ఒక్క పంక్తితో వంశము ఒకతరము వెనుకకు జరిగినది. నాయకుని పేరునుబట్టి ఆ కుటుంబము నాడు ఏ లోయలో నుండెనో నిర్ణయింపవచ్చును. కొన్ని సీమలలో ఊరి పేరుకంటె నాయకుని పేరే స్థలమును చూపునట్టిది. పన్ను సంఖ్యను పట్టుకొని జిల్లాకచేరి లెక్కలలో అన్నదమ్ములను వెదకవచ్చును. లెసోతోలో ఫ్రెంచి క్రైస్తవబోధకులు 1833 మొదలు నిలిచియున్నందున జ్ఞానస్నానపు పుస్తకములు తోడగును. ఎన్ని మారులు పోయెను, నడుమ నెన్ని నెలలు ఇంటనుండెను అని చూచినచో బిడ్డలు పుట్టిన యేండ్లకును ఆ విరామములకును పొత్తు కుదురును. తండ్రి ముఖమెరుగని బాల్యమని అవ్వ చెప్పిన మాట తేదీలతో రుజువగును.

కాని చీటీని చదువువానికి చరిత్ర తెలియవలెను. న్యాసాలాండు మనుష్యుని పేరు 1974తో ఆగిపోయినచో అతడు మరణించెనని తలపరాదు. ఆ యేడు ఏప్రిలు నెలలో వెనేలా విమానమొకటి తప్పు ఇంధనము పోయుటచే ఫ్రాన్సిస్‌టౌను దాపున కూలి 78 మంది చనిపోయిరి. మలావి ప్రభుత్వము గనుల చేరికను ఆపివేసి తనవారిని వెనుకకు పిలిపించెను. వేలకొలది చీటీలు ఒక్కమారు ఆగుటకు కారణమిది. అట్లే ఉత్తరప్రాంతముల కూలీలు న్యుమోనియాచే పురుగులవలె రాలిపోవుచుండగా, దక్షిణ అక్షాంశము 22 డిగ్రీలకు ఉత్తరమునుండి కూలీలను చేర్చుట 1913లో నిషేధింపబడి, 1930 తరువాతి దశకములోగాని మరల సాగలేదు. ఆ నడిమికాలమున న్యాసాలాండునుండి పోయినవాడు చట్టమునకు వెలుపల కాలినడకను పోయి, వేరొక దేశపువాడనని చెప్పి చేరియుండవచ్చును. కాబట్టి లెక్కలో పేరు లేకపోవుట మనుష్యుడు లేకపోవుట కాదు.

పేర్లలోని చిక్కు మరింత పెద్దది. గుమాస్తాకు కూలివాని భాష రాదు. చెవికి దోచినట్లు వ్రాసెను. పలుక నోరు తిరుగనిచోట జిమ్మనియో, జాననియో, సిక్సుపెన్సు అనియో పేరు పెట్టెను. ఆరుపెన్సుల నాణెము పేరు ఒక మానవుని పేరయ్యెను. వయస్సు కంటితో చూచి వేసిన యంచనా. ఒకని చీటీతో మరియొకడు పనిచేయుటయు కలదు. సోతోజాతులవారికి మొసలి, సింహము మొదలగు వంశచిహ్నములు కలవు. మొసలివారు క్వేనలు, సింహపువారు తౌంగులు. మన యింటిపేరు, గోత్రమువలె పెండ్లిసంబంధములకును గౌరవమునకును మూలమైన ఈ చిహ్నము పనికి పనికిరాదు గావున గుమాస్తా దానిని లక్ష్యపెట్టలేదు. అది ముసలివారి నోటిలోను, వంశస్తుతులలోను, ప్రయాణముచేయు కూలీలు కట్టి పాడుకొనిన పాటలలోను నిలిచినది. అందుచేత చీటీ తేదీల నిచ్చును, అవ్వ అర్థము నిచ్చును. రెండింటిని కలుపక వంశచరిత్ర సిద్ధింపదు.

అన్నిటికంటె మించిన లోపము మరియొకటి. ఆ చిట్టాలలో స్త్రీ దాదాపుగా లేదు. పొలము దున్నినది, పశువులను కాచినది, ముసలివారిని పోషించినది, మగనికి చాలని కూలి చాలునట్లు చేసినది ఆమె. గనియజమాని ఇచ్చిన కూలి ఒంటివానికి సరిపోవునంతే. కుటుంబమును పోషించు భారము ఊరనున్న స్త్రీపై పడెను. బంగారములో నామె చెమటయు నున్నది. అయినను తల్లిపేరు వ్రాయు గడి గుమాస్తా పుస్తకమున కానరాదు. గుమాస్తాను నిందించుటకు ముందు మనము మన ప్రవరను తలచుకొందుము గాక! మూడుతరముల పేర్లలో నొక్క తల్లిపేరైనను చెప్పుచున్నామా?

ఇంతవరకు చెప్పినది మమకారమునకు సంబంధించిన విషయమే యని చదువరులు తలపవచ్చును. కాని ఈ కాగితములు కూటికిని న్యాయమునకును సంబంధించినవి. రాతిని దొలచునప్పుడు లేచు సన్నని ధూళి ఊపిరితిత్తులలో పేరుకొని సిలికోసిస్ అను వ్యాధిని కలిగించును. దానికి మందు లేదు. పని మానిన యెన్నో యేండ్లకు బయటపడుటయు కలదు. గని వానిని రోగితోగూడ ఊరికి పంపివేయును. చావు ఊర జరుగును గావున గని లెక్కలలో నెక్కదు. థెంబెకిలె మాన్కాయి యను కార్మికుడు 1979 మొదలు 1995 వరకు గనిలో పనిచేసి, రోగియై, కంపెనీపై వ్యాజ్యము వేసెను. అట్టి వ్యాజ్యము చెల్లునని దక్షిణాఫ్రికా రాజ్యాంగన్యాయస్థానము 2011 మార్చిలో తీర్పు చెప్పెను. తీర్పు వెలువడుటకు కొలదిదినములకు ముందే అతడు కన్నుమూసెను. అతడు తెరచిన దారిని వేలమంది నడచిరి. 2018లో ఆరు కంపెనీలు పరిహారమునకు ఒడంబడెను. 2019 జూలైలో న్యాయస్థానము దాని నామోదించెను. 1965 మార్చి 12 తరువాత ఆ కంపెనీల గనులలో పనిచేసి ఈ వ్యాధికి గాని, గనిపని వలని క్షయకు గాని లోనైనవారును, చనిపోయినవారి ఆశ్రితులును కోరుకొనుటకు ట్షియామిసో యను ధర్మనిధి ఏర్పడెను. త్స్వానా భాషలో ఆ మాటకు సరిదిద్దుట యని యర్థము.

ఇప్పుడు లెసోతో కొండలలోని యొక వితంతువు పరిహారము నడుగవలెనన్న నేమి చూపవలెను? తన మగడు ఫలాని గనిలో ఫలాని యేండ్లు భూగర్భమున పనిచేసెనని చూపవలెను. వంశచరిత్రకారుడు వెదకు కాగితమును, వితంతువు వెదకు కాగితమును ఒక్కటియే. మనుష్యుని పట్టుకొనుటకై వ్రాసిన లెక్క ఆ మనుష్యుని సంతతికి బాకీ చెల్లింపుమని కంపెనీనే పట్టుకొనుచున్నది. పేరు తప్పుగా వ్రాసిన గుమాస్తా అజాగ్రత్త ఏబదియేండ్ల తరువాత నొక బీదయింటి కూటిలో రాయి వేయుటయు నిందువలననే. కాగితమును కాపాడుట పురావస్తువులపై మోజుగలవారి వినోదమని తేలికగా మాటలాడువారు ఈ సంగతిని ఆలోచింతురు గాక. టెబా ప్రాతపత్రములు జొహానెస్‌బర్గు విశ్వవిద్యాలయమున భద్రపరుపబడియుండుట సంతసింపదగిన విషయము.

ఇక మన సంగతి. తెలుగువారు రాండు గనులకు పోయినవారు కారు. కాని అదే దక్షిణాఫ్రికాలోని నేటాలు చెరకుతోటలకును బొగ్గుగనులకును 1860 మొదలు 1911 వరకు ఒడంబడికపై పోయిన 1,52,184 మంది భారతీయులలో గోదావరి, విశాఖపట్టణము, గంజాము, ఉత్తరార్కాడు జిల్లాల తెలుగువారు వేలకొలది కలరు. వారి ఓడపట్టికలలో ప్రతి మనుష్యునికి నొక సంఖ్య, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిమీది పుట్టుమచ్చలు వ్రాయబడినవి. ఇక్కడ స్త్రీల పేర్లును కలవు. ఏలయన వారును కూలీలే. నేడు డర్బనులోని తెలుగు కుటుంబములు తమ పూర్వుల గ్రామమును వెదకుకొనుటకు ఆధారము ఆ పట్టికలే. అచ్చటను తెలుగుపేరు ఆంగ్లగుమాస్తా చెవిలోబడి వికారమైనది. ఆ వికారమును సరిదిద్ది, ఇది ఫలాని తాలూకాలోని ఫలాని యూరని చెప్పగలవారు ఇచ్చటి తెలుగువారే.

ఇంటికి మరింత చేరువగా కోలారు కలదు. 1880లో జాను టేలరు కంపెనీ చేపట్టినది మొదలు 2001 ఫిబ్రవరిలో మూతపడు వరకు ఆ గనులలో చిత్తూరు, ఉత్తరార్కాడు సీమల తెలుగు, తమిళ కూలీలు తరతరములుగా పనిచేసిరి. వారిలో పెక్కండ్రు అంటరానివారని ఊరు వెలివేసిన కులములవారు. 1930లో కంపెనీలు వ్రేలిముద్రల నమోదును నిర్బంధించగా వారు సమ్మెకట్టి పనిని నిలిపివేసిరి. ట్రాన్స్‌వాలులోని వ్యాపారులును న్యాయవాదులును ఎదిరించినదానినే చదువురాని గనికూలీలు మనచెంత నెదిరించిరి. వారి ఊపిరితిత్తులలోను అదే ధూళి. 1940-46 నడుమ పరీక్షింపబడిన 7,653 మందిలో 3,402 మందికి, అనగా నూటికి 44 మందికి పైగా, సిలికోసిస్ కానవచ్చెను. పేరులేక ఆ అంకెలలో కలిసిపోయినవారి మనుమలు నేడు మన నడుమనే యున్నారు. వారి యింట పాత కూలిచీటీయో, ఆసుపత్రి కాగితమో పెట్టె యడుగున నున్నచో దానిని చెత్తగా నెంచి పారవేయరాదు. వారి వంశమునకు శాసనమన్నచో అదియే.

పూర్వుని కూలివానిగా చూపు కాగితమును బయటపెట్టుట అవమానము గాదా యని కొందరు శంకింతురు. చిట్టాలో పారిపోయెననియో, శిక్షపడెననియో, రోగియయ్యెననియో ఉండవచ్చును. మా యభిప్రాయమున నందు అవమానమేమియు లేదు. పారిపోవుట యజమాని దృష్టిలో నేరము. మనుమని దృష్టిలో నది ధైర్యము కావచ్చును. అయినను పూర్వుని దేహమును, వ్యాధిని, శిక్షను తెలుపు సంగతులపై మొదటి యధికారము ఆ కుటుంబమునకే కలదు. అందుచేత ఇట్టి పత్రములను కాపాడువారు వానిని కుటుంబముల కందునట్లు చేయవలెను గాని బజారున బెట్టరాదు.

మన చదువరుల యిండ్లలో చేయదగిన పని యొకటి కలదు. ఒక పుస్తకమున మూడుతరముల మగవారి పేర్లతోపాటు తల్లుల పేర్లు, వారి పుట్టినింటి యూళ్లు వ్రాయుడు. అంతటితో నిలువక, మన యింట ఏండ్లకొలది పనిచేసిన పాలేరు పేరును, దాసి పేరును, వారి తలిదండ్రుల పేర్లను వారినే యడిగి వ్రాసి, ఒక ప్రతిని వారి బిడ్డల చేతికిండు. గనిగుమాస్తా కూలివాని నడిగినది బంధించుటకు. మనమడుగునది గౌరవించుటకు. అయినను గుమాస్తా అడిగెను, మన మడుగలేదు. ఈ వెలితిని తీర్చుకొనుటకు ఏ విశ్వవిద్యాలయముతోను పనిలేదు. ఒక కాగితము, ఒక కలము, ముసలివారు బ్రతికియుండగనే వారి చెంత కూర్చుండుటకు ఒక సాయంకాలము చాలును.